కలరా చేసేదెంత, ఒళ్లు చేసేదెంత

కలరా సూక్ష్మజీవి నిజానికి మన ఒంట్లోకి రాదు. నోటి దగ్గర మొదలై మలద్వారం దగ్గర ముగిసే పొడవాటి గొట్టంలోని ఖాళీ, శరీరశాస్త్రం లెక్కలో, ఒంటికి బయటి జాగాయే. అన్నం మింగినంత మాత్రాన అది ఒంట్లో చేరినట్టు కాదు, పేగు గోడ దాటి నెత్తుట్లో కలిస్తేనే చేరినట్టు. విబ్రియో కలరే అనే ఈ బ్యాక్టీరియా ఆ గోడ దాటదు. నెత్తుట్లో వెతికితే దొరకదు, కాలేయంలో దొరకదు, మామూలుగా జ్వరం కూడా తెప్పించదు. అయినా పొద్దున లేచి పొలానికి వెళ్లిన మనిషిని గోడకు అవతలే ఉండి, చీకటి పడేలోగా చంపగలదు.

రోగం అంటే క్రిములు లోపలికి దూరి కండా నెత్తురూ తినేయడమని మనకొక ఊహ ఉంది. సబ్బుల ప్రకటనల్లో భూతద్దం కింద కోరలు చాచి గంతులేసే ఆకుపచ్చ బొమ్మలు దాన్ని ఇంకాస్త గట్టిపరిచాయి. కలరాకు ఆ బొమ్మ అతకదు. ఇక్కడ సూక్ష్మజీవి చేసే పని చాలా కొంచెం. పేగు కణాలకు ఒక తప్పుడు ఆజ్ఞ అందజేస్తుంది, అంతే. మిగిలిన పనంతా మన కణాలే, వంక పెట్టలేనంత క్రమశిక్షణతో, చేసి పెడతాయి. కొంచెం అటూ ఇటుగా చాలా జబ్బుల్లో జరిగేది ఇదే. కాకపోతే కలరాలో ఈ వ్యవహారం మొదటినుంచి చివరిదాకా, ప్రొటీన్ల స్థాయితో సహా, తెలిసిపోయింది. అందుకే దాన్ని పట్టుకుని చూద్దాం.

ముందు కడుపు దాటాలి. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నం అరగడానికే అనుకుంటాం గానీ, కాపలా కాయడం దాని రెండో ఉద్యోగం. నీళ్లతోపాటు మింగిన విబ్రియోల్లో అత్యధిక భాగం అక్కడే చస్తాయి. ఈ సంగతి కచ్చితంగా లెక్క తేలడానికి ముందు జరిగిన ఒక ముచ్చట చెప్పుకోవాలి. 1892 అక్టోబరు 7న మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే 73 ఏళ్ల పెద్దమనిషి కలరా సూక్ష్మజీవులను పెంచిన రసం తెప్పించుకుని తాగేశాడు. ఆయన పిచ్చివాడేమీ కాదు. ప్రజారోగ్యాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాళ్లలో ఒకడు, మ్యూనిక్ నగరానికి మంచి నీళ్లూ మురుగు కాలవలూ రావడానికి కారకుడు. కలరా రావడానికి సూక్ష్మజీవి ఒక్కటే చాలదు, నేల తేమ, కాలం, మనిషి ఒంటి తత్వం కూడా కలిసిరావాలని ఆయన వాదన. సూక్ష్మజీవే కారణమని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ వాదన. రసం తాగిన పెట్టెన్‌కోఫర్‌కు కొద్దిరోజులు విరేచనాలయ్యాయి, తర్వాత తగ్గిపోయాయి. తన వాదన నిలిచిందని ఆయన ప్రకటించుకున్నాడు, విరేచనాలయ్యాయి కదా అని అవతలివాళ్లు అన్నారు. ఒకే ప్రయోగంతో రెండు పక్షాలూ గెలవడం సైన్స్‌లో మొదటిసారీ కాదు, ఆఖరిసారీ కాదు.

ఆ ప్రయోగంలో ఆయన నిజాయితీ గమనించదగ్గది. కడుపులోని ఆమ్లం క్రిముల్ని చంపేసింది కాబట్టే బతికాడని రేపు ఎవరూ అనకూడదని, ముందుగా సోడా బైకార్బొనేట్ కలిపిన నీళ్లు తాగి మరీ రసం తాగాడు. తన ప్రత్యర్థికి అంత మర్యాద చేసిన శాస్త్రవేత్తలు అరుదు. తర్వాతి శతాబ్దంలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో వలంటీర్ల మీద ఇదే పని పద్ధతి ప్రకారం చేసి చూశారు. పరగడుపున వట్టి నీళ్లలో కలిపి ఇస్తే కోట్లకొద్దీ విబ్రియోలు మింగినా చాలామందికి ఏమీ కాలేదు. బైకార్బొనేట్‌తో కలిపి ఇస్తే పది లక్షలు సరిపోయాయి. అంటే ఒకే ఊళ్లో ఒకే కుళాయి నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరు పడిపోయి ఒకరు తిరుగుతూ ఉండటానికి ఒక కారణం కడుపులోనే ఉంది. ఆమ్లం తక్కువగా ఊరేవాళ్లకు, సరైన తిండి లేక చిక్కిపోయినవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఎసిడిటీ మాత్రలు ఆమ్లంతోపాటు ఆ కాపలానూ తగ్గిస్తాయి. ఇంకో విడ్డూరం, ఓ గ్రూపు రక్తం ఉన్నవాళ్లకు కలరా సోకితే మిగతావాళ్లకంటే తీవ్రంగా ఉంటుంది. ఆ మేరకు పెట్టెన్‌కోఫర్ మరీ తప్పు కాదు. మనిషి ఒంటి తత్వం కూడా లెక్కలోకి వస్తుంది. నేల తేమే రాదు.

కడుపు దాటిన విబ్రియోలు చిన్నపేగులో పడతాయి. అక్కడ వాటికి ఎదురయ్యేది గోడ మీది జిగురు పొర, కిందికి కొట్టుకుపోయే ప్రవాహం. వంకర తిరిగిన ఈ బ్యాక్టీరియాకు ఒక కొసన ఒకే ఒక తోక ఉంటుంది. దాన్ని గిరగిరా తిప్పుకుంటూ జిగురులోంచి ఈదుకుని గోడ చేరుతుంది. చేరాక పరిసరాలను పసిగడుతుంది. పైత్యరసం, ఉప్పు, వేడి లాంటి సంకేతాలను బట్టి తాను చెరువులో లేనని తెలుసుకుంటుంది. అప్పటిదాకా మూసి ఉంచిన కొన్ని జన్యువులను అప్పుడు తెరుస్తుంది. ఒక జన్యువు నుంచి సన్నని నూగు లాంటి పోగులు పుడతాయి. వాటిని పైలస్ అంటారు. వాటితో విబ్రియోలు ఒకదాన్నొకటి పెనవేసుకుని గుంపుగా గోడ దగ్గర తిష్ట వేస్తాయి. ఇంకో జన్యువు నుంచి విషం, అంటే కలరా టాక్సిన్, తయారవుతుంది. ఈ రెంటినీ ఒకే నియంత్రణ కింద పెట్టుకుంది. అడ్డా దొరకనప్పుడు విషం తయారు చేయడం దండగ ఖర్చు కదా!

ఈ విషం సంగతి తేలడానికి మనుషులకు 75 ఏళ్లు పట్టింది.

కోచ్ 1883లో కలరా కారణం వెతకడం ఈజిప్టులో మొదలుపెట్టి ఏడాది చివరికి కలకత్తా చేరాడు. 1884 మొదట్లో అక్కడినుంచే వంకర బ్యాక్టీరియాయే కలరాకు కారణమని నివేదిక పంపాడు. దానికి 30 ఏళ్ల ముందే ఫ్లారెన్స్‌లో ఫిలిప్పో పచీని దాన్ని మైక్రోస్కోపులో చూసి రాసి పెట్టాడు గానీ, ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. కోచ్ మాట పట్టించుకున్నారు. అయినా ఆయనకో చిక్కు మిగిలింది. ఫలానా సూక్ష్మజీవే ఫలానా రోగానికి కారణమని రుజువు చేయాలంటే, దాన్ని విడిగా పెంచి జంతువుకు ఎక్కించి అదే రోగం తెప్పించాలన్నది ఆయన పేరుతోనే చలామణీ అయ్యే నియమం. ఎలుకలు, కుందేళ్లు, ఇంకా దొరికిన జంతువులన్నీ కలరా సూక్ష్మజీవిని పుచ్చుకుని హాయిగా తిరిగాయి. కలరా మనిషి రోగం. నియమం పెట్టినాయనే ముందుగా మినహాయింపు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

బ్యాక్టీరియా ఏదో విషం వదులుతోందని కోచ్ అప్పట్లోనే ఊహించాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ విషం కోసం బ్యాక్టీరియాను చంపి, నూరి, ఆ ముద్దను జంతువుల నరాల్లోకి, పొట్టలోకి ఎక్కించి చూశారు. జంతువులు చచ్చాయి, కానీ కలరాతో కాదు. ఆ ముద్దను సూదితో ఎక్కిస్తే ఏ బ్యాక్టీరియా అయినా చంపుతుంది. దశాబ్దాల తరబడి పరిశోధనంతా నెత్తుటి వైపే చూసింది. రోగమేమో పేగులో ఉంది.

ఆ సంగతి పట్టుకున్నవాడు కలకత్తాలో పాథాలజీ చెప్పే డాక్టరు శంభునాథ్ డే. 1915లో హుగ్లీ జిల్లాలో పుట్టాడు. ఆయన చేసిన ప్రయోగం వివరిస్తే ఇంతేనా అనిపిస్తుంది. కుందేలుకు మత్తిచ్చి పొట్ట కోసి, చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చోట్ల దారంతో కట్టాడు. కట్టిన ఆ ముక్కలోకి విబ్రియోల రసం ఎక్కించి, పొట్ట కుట్టేశాడు. మర్నాడు చూస్తే ఆ ముక్క నీళ్లతో ఉబ్బిపోయి ఉంది. పక్కనే అలాగే కట్టి, ఉత్త రసం ఎక్కించిన ముక్క మామూలుగా ఉంది. 1953లో ఈ పద్ధతి ప్రచురించాడు. అసలు సంగతి 1959లో వచ్చింది. విబ్రియోలను పెంచిన ద్రవాన్ని వడకట్టి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా చేసి, ఆ ఉత్త ద్రవాన్ని కట్టిన పేగులోకి ఎక్కించాడు. పేగు మళ్లీ ఉబ్బింది. అంటే నీళ్లు కార్పిస్తున్నది బ్యాక్టీరియా కాదు, అది బయటికి వదిలిన ఏదో పదార్థం. 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసం అది. అదే ఏడాది బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.కె. దత్తా బృందం కుందేలు పిల్లల మీద మరో దారిలో ఇలాంటి ఫలితానికే చేరింది.

డేకు దీనివల్ల ఒరిగిందేమిటి అంటే, మన దేశంలో ఏమీ లేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించాడు. 1978లో స్టాక్‌హోమ్‌లో నోబెల్ సంస్థ కలరా మీద జరిపిన సదస్సుకు ఆయన్ను పిలిచారు. ఇక్కడి సైన్స్ అకాడమీల్లో ఒక్కటీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకోలేదు. 1985లో చనిపోయాడు. ఐదేళ్ల తర్వాత 'కరెంట్ సైన్స్' పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. పోయాక మెచ్చుకోవడం మనకు బాగా అలవాటే.

ఇప్పుడు ఆ పదార్థం ఏం చేస్తుందో చూద్దాం. కలరా టాక్సిన్‌లో రెండు రకాల ముక్కలుంటాయి. ఒకే తీరు ముక్కలు ఐదు ఉంగరంలా కూర్చుని ఉంటాయి. పేగు కణం పైపొరలో చక్కెర తగిలించిన ఒక రకం కొవ్వు ఉంటుంది. ఈ ఉంగరం దానికి గట్టిగా అతుక్కుంటుంది. ఉంగరం పని అంతవరకే, అది కేవలం మోసుకొచ్చేది. అసలు పని చేసే ముక్క దాని మీద కూర్చుని ఉంటుంది. కణం ఆ అతుక్కున్న సరుకును తనే లోపలికి లాక్కుంటుంది. లోపల సరుకు రవాణా దారులుంటాయి, తయారైన ప్రొటీన్లు లోపలినుంచి బయటికి వెళ్లే దారులు. టాక్సిన్ అదే దారిలో ఎదురు నడిచి, ప్రొటీన్లు తయారయ్యే చోటికి చేరుతుంది. అక్కడ కణం తనిఖీ నడుపుతూ ఉంటుంది. సరిగ్గా మడత పడని ప్రొటీన్ కనిపిస్తే దాన్ని బయటికి తోసి, గుర్తు వేసి, నాశనానికి పంపుతుంది. టాక్సిన్‌లోని ఆ ముక్క తన మడతలు విప్పేసుకుని చెడిపోయిన ప్రొటీన్‌లా కనిపిస్తుంది. తనిఖీ సిబ్బంది నిబంధనల ప్రకారం దాన్ని కణద్రవంలోకి తోసేస్తారు. అది చేరాలనుకున్నది సరిగ్గా అక్కడికే. నాశనం చేయమని గుర్తు తగిలించడానికి లైసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. ఆ ముక్కలో లైసిన్లు చాలా తక్కువ. గుర్తు పడదు, ముక్క బతికిపోతుంది, మళ్లీ మడత పడి పని మొదలుపెడుతుంది.

పని ఒక్కటే. పేగు కణంలో జీ ప్రొటీన్ అనేది ఒకటుంటుంది. బయటినుంచి హార్మోన్ కబురు వస్తే అది ఆన్ అవుతుంది, కాసేపటికి తనంతట తనే ఆఫ్ అవుతుంది. టాక్సిన్ దానికి ఒక రసాయన ముక్క అతికిస్తుంది. దాంతో ఆఫ్ అయ్యే గుణం పోతుంది. బోరు మోటారు స్టార్టరులో ఎర్ర బొత్తాం పీకేసి ఆకుపచ్చ బొత్తాం నొక్కిపెట్టి వెళ్లిపోయినట్టన్నమాట. మోటారు చెడిపోలేదు, పైపులు పగల్లేదు, అన్నీ కంపెనీ చెప్పినట్టే పనిచేస్తున్నాయి, ఆగడమే లేదు. జీ ప్రొటీన్ ఆగనందువల్ల కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం పేరుకుపోతుంది. అది సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ద్వారాన్ని తెరుస్తుంది. క్లోరైడ్ పేగు ఖాళీలోకి పోతుంది, దాని వెంట సోడియం, వాటి వెంట నీళ్లు. టాక్సిన్ ముక్క ఎంజైమ్ కాబట్టి ఒక జీ ప్రొటీన్‌తో ఆగదు, వరసగా ఎన్నిటినైనా పాడుచేస్తుంది. ఆశ్చర్యమేమంటే ఈ సీఎఫ్‌టీఆర్ ద్వారం పుట్టుకతోనే పనిచేయకపోతే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు వస్తుంది. ఎప్పుడూ మూసి ఉన్నా రోగమే, ఎప్పుడూ తెరిచి ఉన్నా రోగమే.

మామూలు రోజున మన చిన్నపేగులోకి తాగినవీ ఊరినవీ కలిపి ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. దాదాపు అంతటినీ పేగులే తిరిగి పీల్చుకుంటాయి. మలంలో పోయేది గ్లాసుడు కూడా ఉండదు. తీవ్రమైన కలరాలో గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది. అది మలంలా కూడా ఉండదు, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. నెత్తుట్లోని నీరు అలా తరిగిపోతుంటే కళ్లు లోతుకు పోతాయి, చర్మం గిల్లితే గిల్లినట్టే నిలబడుతుంది, పొటాషియం పోయి పిక్కలు పట్టేస్తాయి, బైకార్బొనేట్ పోయి నెత్తురు ఆమ్లమవుతుంది, మణికట్టు దగ్గర నాడి అందదు. చికిత్స అందని తీవ్ర రోగుల్లో సగం మంది దాకా చనిపోతారు. 19వ శతాబ్దపు వైద్యులు చనిపోయినవాళ్ల పొట్టలు కోసి, పేగు లోపలి పొర ఊడిపోయి ఉందని చూసి, అదే కారణమనుకున్నారు. 1960 ప్రాంతంలో యూజీన్ గంగరోసా బృందం బ్యాంకాక్‌లో బతికి ఉన్న రోగుల పేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే పొర చెక్కుచెదరలేదు. పాతవాళ్లు చూసింది చావు తర్వాత జరిగిన కుళ్లు.

ఇంత చేసి విబ్రియోకు ఏం లాభం? మనిషిని చంపడం దాని ఉద్దేశం అనుకోవడం మన అహంకారం. దాని అసలు కాపురం మన పేగులో కాదు. నదులు సముద్రంలో కలిసే చోటి చప్ప ఉప్పు నీళ్లలో, మిల్లీమీటరు పొడవుండే కోపెపాడ్ అనే రొయ్యజాతి ప్రాణుల పెంకుల మీద బతుకుతుంది. బంగాళాఖాతం ఒడ్డు దానికి పుట్టిల్లు. అలాంటి నీళ్లలో దొరికే విబ్రియోల్లో చాలావాటికి టాక్సిన్ జన్యువే ఉండదు. 200కు పైగా ఉన్న రకాల్లో పెద్ద మహమ్మారులు తెచ్చినవి ఓ1, ఓ139 రెండే. నాలుగు మడతలు వేసిన పాత చీరతో నీళ్లు వడకట్టుకోమని బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కోల్‌వెల్ బృందం చెప్పి చూస్తే కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయని 2003లో ప్రచురించారు. ఒక్క విబ్రియోను పట్టే సన్నదనం చీరకు లేదు, వాటిని మోసే కోపెపాడ్‌ను ఆపితే చాలింది. కొత్త చీర కంటే ఉతికి ఉతికి నలిగిన చీరే బాగా వడకడుతుందట.

టాక్సిన్ జన్యువు మరి ఎక్కడిది? 1996లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలనోస్ తేల్చిన జవాబు ఇదీ. అది బ్యాక్టీరియా సొంతం కాదు, బ్యాక్టీరియాకు సోకే ఒక వైరస్‌ది. ఆ వైరస్ విబ్రియోలోకి దూరి తన జన్యువులను దాని క్రోమోజోములో కలిపేస్తుంది. మనకు రోగం తెచ్చేదానికి ముందే ఇంకొకటి సోకి ఉందన్నమాట. దూరడానికి వైరస్ పట్టుకునేది ఏమిటంటే, పేగు గోడ దగ్గర గుంపు కట్టడానికి విబ్రియో పెంచుకున్న ఆ పైలస్ పోగులనే. ఆ పోగులు బయటికి వచ్చేది పేగులో ఉన్నప్పుడే కాబట్టి, హాని చేయని విబ్రియో హాని చేసేదిగా మారడానికి అనువైన చోటు కూడా పేగే. ఎలుకల్లో ఇది జరగడం చూశారు. జన్యువు దొరికిన విబ్రియోకు లాభం లేకపోలేదు. నీళ్ల విరేచనాలతో పోటీదారులు కొట్టుకుపోతారు, మిల్లీలీటరుకు కోట్లకొద్దీ విబ్రియోలు బయటి నీళ్లలో పడతాయి. అలా అప్పుడే బయటపడినవి ప్రయోగశాలలో పెంచినవాటి కంటే కొన్ని గంటలపాటు ఎన్నో రెట్లు సులభంగా సోకుతాయని కూడా ఎలుకల మీద తేలింది. రోగి చావు ఈ లెక్కల్లో ఎక్కడా లేదు. సోకినవాళ్లలో ఎక్కువ మందికి లక్షణాలే కనిపించవు. వాళ్లు తిరుగుతూ పంచిపెడతారు, విబ్రియోకు కావలసింది అదే.

రకాలు మారడానికి మనవైపు సాక్ష్యం కూడా ఉంది. ఓ139 మొదట కనిపించింది 1992లో మద్రాసులో. కొన్ని నెలల్లో కలకత్తా, బంగ్లాదేశ్ చేరి పెద్ద ఎత్తున పాకింది. పాత ఓ1 రకం పైకోటును మార్చుకుని వచ్చింది కాబట్టి, చిన్నప్పటినుంచి కలరాకు అలవాటుపడి తట్టుకునే పెద్దవాళ్లు కూడా పడిపోయారు. మద్రాసులో దొరికినా దానికి 'బెంగాల్' రకం అనే పేరు పడింది. అంతకుముందు తరాల్లో మనవాళ్లకు రకాల గొడవ లేదు. తెలంగాణలో గత్తర అన్నారు, అమ్మవారికి మొక్కుకున్నారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుకకు కూడా ఒక మహమ్మారినే కారణంగా చెప్తారు. పటాలంలో పనిచేసి ఉజ్జయినికి బదిలీ అయిన సూరిటి అప్పయ్య, ఊరిని కాపాడితే గుడి కట్టిస్తానని అక్కడ మొక్కుకున్నాడట. అది కలరా అని కొందరు, ప్లేగు అని కొందరు అంటారు. బోనాలు ఆషాఢంలో వస్తాయి. తొలి వానలకు ఊరి మురుగు తాగే నీళ్లలో కలిసే కాలం కూడా అదే.

మిగతా సూక్ష్మజీవుల దారులు వేరు గానీ తీరు దగ్గరిదే. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా గాయం దగ్గరే ఉండిపోతుంది. దాని విషం నరాల వెంట వెన్నుపాము చేరి, కండరాలను వదులు చేసే సంకేతాన్ని ఆపేస్తుంది. దాంతో కండరాలన్నీ బిగుసుకుపోతాయి. ఇందులో బ్యాక్టీరియాకు ఏం లాభమో చెప్పడం కూడా కష్టం. కంఠసర్పి విషం జన్యువు కూడా వైరస్ ఇచ్చిందే. టైఫాయిడ్ బ్యాక్టీరియా మాత్రం గోడ దాటి లోపలికి వచ్చి, తనను మింగిన తెల్లకణాల్లోనే కాపురం పెడుతుంది. జ్వరం మన రోగనిరోధక వ్యవస్థ పెట్టే మంట. క్షయలో ఊపిరితిత్తికి గుంత పడటంలో పెద్ద పాలు మన ఒంటి ప్రతిఘటనదే. ఆ గుంతలోంచి దగ్గుతో బయటపడి బ్యాక్టీరియా పక్కవాడికి చేరుతుంది.

కలరా దగ్గరికి మళ్లీ వద్దాం. చేసేది మన కణాలే అన్న సంగతి తెలియడం వల్ల ఒక పెద్ద మేలు జరిగింది. పేగు గోడ చెక్కుచెదరలేదు కదా, మరి దాంట్లో ఇంకా పనిచేస్తున్నది ఏమిటి? క్లోరైడ్ ద్వారం తెరిచిపెట్టిన సైక్లిక్ ఏఎంపీ, ఉప్పును మామూలుగా పీల్చుకునే దారిని మూసేస్తుంది. అందుకే ఉత్త ఉప్పు నీళ్లు తాగిస్తే అవి కూడా బయటికే పోతాయి. కానీ గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే ఇంకో ప్రొటీన్ ఉంది. ఒక గ్లూకోజ్‌తోపాటు రెండు సోడియంలను కలిపి లోపలికి లాగుతుంది. ఈ జంట రవాణాను 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. కలరా టాక్సిన్ దీన్ని ముట్టుకోదు. ఉప్పులో తగినంత గ్లూకోజ్ కలిపి తాగిస్తే ఆ దారిలో సోడియం లోపలికి వస్తుంది, దాని వెనక నీళ్లూ వస్తాయి. విరేచనాలు ఆగవు, పోయినదానికంటే వచ్చేది ఎక్కువవుతుంది, అంతే. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ రోగుల మీద ఇది పనిచేస్తుందని చూపించారు.

అది ఆసుపత్రి బయట కూడా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు 1971లో యుద్ధం చెప్పించింది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది కాందిశీకులు సరిహద్దు దాటి బనగావ్ చుట్టూ చేరారు. కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి, నేల మీద కాలు పెట్టే చోటు లేకుండా రోగులు. కలకత్తానుంచి వచ్చిన దిలీప్ మహలనబిస్ లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా లెక్కన పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల వెంట వచ్చిన బంధువులకే గ్లాసులిచ్చి తాగించమన్నాడు. అప్పటికి 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి తగ్గాయి. నర్సు లేకుండా, సూది లేకుండా, రోగి అమ్మే కలరాకు చికిత్స చేయడం చాలామంది పెద్ద డాక్టర్లకు రుచించలేదు. మహలనబిస్ 2022లో చనిపోయాడు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఓఆర్‌ఎస్ అని పిలిచే ఈ ద్రావణంలో గ్లూకోజ్ పాళ్లు ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రంలో లీటరుకు 13.5 గ్రాములే ఉంది. తీపి ఎక్కువైతే ప్రొటీన్ లాగలేనంత చక్కెర పేగులో మిగిలిపోతుంది, అదే నెత్తుట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. అంటే అచ్చం కలరా చేయిస్తున్న పనే. అయినా ఆ పాళ్లకు ఎన్నో రెట్ల చక్కెర ఉన్న పానీయాలు అట్టపెట్టెల మీద ఓఆర్‌ఎస్ అని పెద్ద అక్షరాలతో రాసుకుని మందుల షాపుల్లోనే ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. ఇది ఆ ఫార్ములా కాదని మూలన చిన్న అక్షరాలతో రాస్తే చాలన్నట్టు నడిచింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. మూత్రం ఆగిపోయి, నాడి అందకుండా పడిపోయిన మనిషికి మాత్రం ఇది చాలదు, నరం ద్వారా సెలైన్ ఎక్కించాల్సిందే.

యాంటీబయాటిక్స్ విబ్రియోలను చంపి రోగాన్ని ఒకటి రెండు రోజులు కుదిస్తాయి. కానీ అప్పటికే కణంలో పడ్డ విషాన్ని అవి ఏమీ చేయలేవు. నొక్కిపెట్టిన జీ ప్రొటీన్ అలాగే ఉంటుంది. పేగు పొరలోని కణాలకు మాత్రం నాలుగైదు రోజులే ఆయుష్షు. విషం తగిలినవి వాటంతట అవే రాలి మలంలో పోతాయి, కింది నుంచి పుట్టుకొచ్చే కొత్త కణాలకు ఆ ఆజ్ఞ అందదు. చికిత్స అంటే ఆ నాలుగు రోజులూ మనిషిని ఎండిపోకుండా నిలబెట్టడమే. చికిత్స అందితే చనిపోయేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. కోలుకుని ఇంటికి వెళ్లాక కూడా కొన్నాళ్లపాటు మలంలో విబ్రియోలు పోతూనే ఉంటాయి. అవి ఎక్కడికి చేరతాయన్నది ఆ వీధిలో మురుగు కాలవకూ మంచినీళ్ల పైపుకూ మధ్య ఎంత దూరం ఉంచారన్న దాన్నిబట్టి ఉంటుంది.